చెవికి హాయి, చేతికి అందుబాటు: హెడ్‌ఫోను

నూజివీడు ప్రాంతమున మామిడి కాయ ముదిరినది మొదలు తోటలలో కావలి ప్రారంభమగును. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చు ఏప్రిల్, మే నెలలలో రేయింబవళ్ళు పాకయందే గడపువారికి పాటలు, వార్తలే తోడు. ఒకప్పుడు పాకలో ట్రాన్సిస్టరు మ్రోగుచుండెడిది. ఇప్పుడు జేబులోని ఫోను, చెవిలోని హెడ్‌ఫోను ఆ పని చేయుచున్నవి. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ వారి నూజివీడు ప్రాంగణమున చదువుకొను విద్యార్థులకును ఇది నిత్యావసర వస్తువే.

కొద్ది ధరకు దొరకి, నొప్పి కలిగింపక, వినికిడికి హాని చేయని హెడ్‌ఫోనును ఎట్లు ఎన్నుకొనవలెను? ముందుగా దాని లోపల ఏమున్నదో చూతము.

లోపలి నిర్మాణము

హెడ్‌ఫోను అనునది మిక్కిలి చిన్న లౌడ్‌స్పీకరే. అందు ఒక శాశ్వతాయస్కాంతము, దాని ప్రక్కన సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన పలుచని పొర ఉండును. ఫోను నుండి వచ్చు విద్యుత్ప్రవాహము చుట్టలో అటునిటు మారినపుడెల్ల చుట్ట ముందుకు, వెనుకకు కదలును. దానితోపాటు పొరయు కదలి గాలిని కంపింపజేయును. ఆ కంపనములే మన కర్ణభేరిని తాకి శబ్దముగా తోచును.

ఈ పరికరము క్రొత్తది కాదు. అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నథానియేల్ బాల్డ్విన్ 1910లో తాను చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. గెలీనా అను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమునకు మన జగదీశ్ చంద్రబోసు 1904లో అమెరికా పేటెంటు పొందెను. అట్టి ఖనిజపు ముక్కతో చేసిన రేడియోకు బ్యాటరీ అక్కరలేదు. కాని అందలి శబ్దము అతి బలహీనము గనుక హెడ్‌ఫోను లేనిదే వినబడదు. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన తరువాతి రోజులలో ఉత్సాహవంతులు ఇట్టి రేడియోలను స్వయముగా చేసికొనగలిగెడివారు. 1979లో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మన్ అను జేబు క్యాసెట్టు యంత్రముతో పాటు సుమారు 50 గ్రాముల బరువుగల హెడ్‌ఫోనును అమ్మకమునకు తెచ్చెను. వెంట తీసికొనిపోవు తేలిక హెడ్‌ఫోనులు అటుతరువాతనే వ్యాపించినవి.

మూడు రకములు

చెవిని పూర్తిగా కప్పునవి, చెవిపై ఆనునవి, చెవిరంధ్రమున అమరునవి అని ఇవి మూడు విధములు. మొదటివి మెత్తగా ఉండి ఎక్కువసేపు వినుటకు అనుకూలించును. కాని 40 డిగ్రీలు దాటు మన వేసవిలో తోలువంటి దిండ్ల క్రింద చెమట పట్టును. గుడ్డ దిండ్లు కొంత మేలు. రెండవవి తేలికైనవే గాని, బిగుతు ఎక్కువైనచో అరగంటలోనే చెవితమ్మె నొచ్చును. మూడవవి చిన్నవి, చౌకైనవి. వీని హాయి అంతయు కొనకు తొడుగు రబ్బరుపై ఆధారపడి ఉన్నది. సాధారణముగా మూడు కొలతల తొడుగులు పెట్టెలో ఉండును. రెండు చెవుల రంధ్రములు ఒకే కొలతలో ఉండవలెనను నియమము లేదు గనుక ఒక్కొక్క చెవికి విడివిడిగా సరిచూచుకొనవలెను. తొడుగు వదులైనచో ఆ సందునుండి గాలి తప్పించుకొని మృదంగము, తబలావంటి మంద్రస్వరములు పలుచబడును. సామాను చెడ్డదని పారవేయుటకు ముందు తొడుగు మార్చి చూచుట మంచిది.

డెసిబెల్లుల లెక్క

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారముగల భాగమున సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణములు కలవు. అధిక శబ్దముచే ఇవి నశించినచో మరల పుట్టవు. సాధారణముగా ముందు చెడునవి హెచ్చు స్వరములను గ్రహించు కణములు. అందుచే మాట వినబడుచునే ఉన్నను ‘స’, ‘శ’ వంటి అక్షరములు తేటపడవు.

వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్లుల శబ్దము వినుట పెద్దలకు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆపైన ప్రతి 3 డెసిబెల్లులకు కాలము సగమగును. 83 అయినచో 20 గంటలు, 86 అయినచో 10 గంటలు.

ఇప్పుడొక ఉదాహరణము చూడుడు. ఇంజను ప్రక్కన రొద 85 డెసిబెల్లులు ఉన్నదనుకొందము. దానిని మించి పాట వినబడుటకు శబ్దమును 95కు పెంచితిమి. 80కంటె ఇది 15 ఎక్కువ. అనగా 40 గంటలను ఐదుసార్లు సగము చేయవలెను. మిగులునది వారమునకు 75 నిమిషములు మాత్రమే! అదే, బిగువుగా అమరిన తొడుగు బయటి రొదను 15 డెసిబెల్లులు తగ్గించినచో 80 వద్దనే పాట అంత స్పష్టముగా వినబడును. కొద్ది రూపాయల రబ్బరు తొడుగు 75 నిమిషములను 40 గంటలు చేసినదన్నమాట. అడుగు దూరములో ఉన్నవారి మామూలు మాట వినబడనంత రొదలో, తొడుగు సరిగా లేక పాట పెంచుట ప్రమాదము. నిశ్శబ్దమైన చోట శబ్దము సరిచేసికొని, రొదలో దానిని పెంచకుండుట ఉత్తమమైన అలవాటు.

అయితే రాత్రి కావలి కాయువారు, రోడ్డుపై నడచువారు రెండు చెవులును మూసికొనరాదు. అడుగుల చప్పుడు, బండి హారను, పాము కదలిన ఆకుల గలగల వినబడవలెను గదా! వీరు ఒక్క చెవికే పెట్టుకొనుట క్షేమము. తోటలో మందు కొట్టినవారు చేతులు సబ్బుతో కడుగుకొననిదే తొడుగులను ముట్టరాదు.

ధర, తీగ

పెట్టెపై వ్రాసిన పెద్ద అంకెలకు మోసపోరాదు. మనిషి చెవి 20 నుండి 20 వేల కంపనముల వరకే వినగలదు. వయసుతో పై హద్దు తగ్గును. 16 నుండి 32 ఓముల హెడ్‌ఫోను ఫోనుకు చాలును.

తీగలేని రకమునకు బ్యాటరీ కలదు. అది కాలక్రమమున బలహీనపడును. తీగగలదానికి ఆ బెడద లేదు. మరొక లాభమును కలదు. ఎఫ్.ఎం. తరంగము పొడవు సుమారు 3 మీటర్లు. దానిని పట్టుటకు ముప్పాతిక మీటరు తీగ కావలెను. అందుకే ఎఫ్.ఎం. సౌకర్యముగల ఫోనులలో సాధారణముగా హెడ్‌ఫోను తీగయే ఏరియలుగా పనిచేయును. తీగ పెరికినచో రేడియో మూగపోవును.

తీగ సామాన్యముగా తెగునది ప్లగ్గు మొదటనే. కొనునపుడు అచ్చట వంపును తట్టుకొను రబ్బరు ఉన్నదా చూడవలెను. 300 రూపాయల వస్తువు మూడు నెలలకు చెడి, 900 రూపాయలది రెండేండ్లు నిలిచినచో, మొదటిదానికి నెలకు 100 రూపాయలు, రెండవదానికి 37 రూపాయల 50 పైసలు ఖర్చు. దుకాణమున వీలైనచో పావుగంట పెట్టుకొని చూడుడు. మీకు బాగుగా తెలిసిన పాటను, ఒక వార్తల భాగమును వినుడు. ప్లగ్గు కదల్చినపుడు గరగర రాకుండ, రెండువైపుల శబ్దము సమముగా ఉండి, తీసిన తరువాత చెవి నొవ్వకున్నచో దానిని నిశ్చింతగా కొనవచ్చును.