లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు ఎండే పరీక్ష

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరువవుతుంది. లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగిన కార్లు ఈ రోజుల్లో తరచూ మొరాయిస్తుంటాయి. ఇంజిన్‌ను చల్లబరిచే భాగాలు ఏళ్ల తరబడి అరిగిపోవడం ఇందుకు ఒక ప్రధాన కారణం. సకాలంలో గుర్తిస్తే వందలతో పోయే మరమ్మతు, నిర్లక్ష్యం చేస్తే వేలకు చేరుతుంది.

బోరు నీరు వద్దు

కూలెంట్ తగ్గినప్పుడల్లా చాలామంది బోరు నీరు పోస్తుంటారు. అందులోని లవణాలు రేడియేటర్‌లోని సన్నని గొట్టాల్లో పేరుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సమపాళ్లలో కలిపి వాడటం శ్రేయస్కరం. ఈ మిశ్రమం నీటికంటే ఎక్కువ వేడి వద్ద మరుగుతుంది, తుప్పునూ నివారిస్తుంది. ముందే కలిపి అమ్మే రకమైతే నీరు చేర్చనక్కర్లేదు.

ఇవి చూడాలి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గొట్టాలను నొక్కి చూడాలి. మెత్తబడినా, పగుళ్లు కనిపించినా మార్చాలి. రేడియేటర్ మూత, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపులను ఎండలు ముదరకముందే మెకానిక్‌తో పరీక్షింపజేయాలి. కూలెంట్ పదేపదే తగ్గుతుంటే నింపి ఊరుకోకుండా లీకు ఎక్కడుందో తెలుసుకోవాలి.

ముల్లు ఎర్ర గీతకు చేరితే..

ఏసీ కట్టేసి, కారును రోడ్డు పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. వేడిగా ఉండగా మూత తీస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. పూర్తిగా చల్లారేవరకు ఆగాలి. అలాగే నడిపితే సిలిండర్ హెడ్ వంగి, గాస్కెట్ దెబ్బతింటుంది. ఇంజిన్ ఆయిల్ పాల చాయలోకి మారితే అందులో నీరు కలిసిందని అనుమానించాలి. అటువంటప్పుడు ఇంజిన్‌ను స్టార్ట్ చేయకుండా బండిని షెడ్డుకు లాగించుకుపోవడమే క్షేమం.