లీటరు నుంచి కిలోలీటరుకు

జీడిమెట్లలోనో, పరవాడలోనో బల్క్ డ్రగ్ తయారయ్యే షెడ్డులోకి అడుగుపెడితే ముందుగా కంటబడేవి వరసగా నిలబెట్టిన రియాక్టర్లు. అక్కడి ఆపరేటర్లు వాటిని కొలతతోనే పిలుస్తారు: మూడు కేఎల్, ఐదు కేఎల్. కేఎల్ అంటే కిలోలీటరు, వెయ్యి లీటర్లు. పేరులోనే కొలత ఉంది కనుక, పాత్ర సైజు తేల్చడమంటే ఎన్ని లీటర్లు పట్టాలో చూసుకోవడమేనని బయటివాళ్లు అనుకోవడం సహజం. నిజానికి ఆ పనిలో అన్నిటికన్నా తేలికైన లెక్క అదే.

రోజుకు ఆరు టన్నుల మిశ్రమం కావాలనుకుందాం. నింపడం, రియాక్షన్ నడపడం, దించడం, కడగడం అన్నీ కలిపి బ్యాచ్‌కు 8 గంటలు. అంటే రోజుకు మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు రెండు టన్నులు. ద్రవం సాంద్రత నీటికి దగ్గరగా ఉంటే 2,000 లీటర్లు. నురగకూ ఆవిరికీ పైన జాగా వదలాలి కాబట్టి పాత్రను ముప్పాతికకు మించి నింపరు. మూడు కేఎల్ సరిపోతుంది. హైస్కూలు పిల్లలు చేయగల లెక్క ఇది.

గోడ మందం కూడా లెక్కకు లొంగేదే, కానీ ఆ లెక్క వెనక ఎన్నో ప్రాణాలున్నాయి. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్ పట్టణంలో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాల ఒత్తిడితోనే అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1914లో బాయిలర్ కోడ్ తయారుచేసింది. మన దేశంలో ప్రెజర్ వెసల్స్‌కు ఐఎస్ 2825 అనే కోడ్ 1969లో వచ్చింది. రెండు మీటర్ల వ్యాసం, 10 బార్ల ఒత్తిడి ఉన్న స్టీలు పాత్రను ఇలాంటి కోడ్ సూత్రంలో పెట్టి చూస్తే, వెల్డింగుకు 85 శాతం బలమే ఉందనుకుని, దాదాపు 8.6 మిల్లీమీటర్లు వస్తుంది. తుప్పు తినేయబోయేదానికి ముందే మరో 3 మిల్లీమీటర్లు కలిపి 12 ఎంఎం ప్లేటు కొంటారు.

చిక్కంతా వేడి దగ్గర మొదలవుతుంది. చాలా రియాక్షన్లు జరుగుతున్నకొద్దీ వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి పాత్ర గోడ. గోడ చుట్టూ జాకెట్ తొడిగి అందులో చల్లని నీళ్లో, బ్రైనో తిప్పుతారు. పాత్ర కొలతలన్నీ రెట్టింపు చేస్తే లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది, గోడ వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. పెళ్లి వంటల గుండిగలో అన్నం తెల్లవారేదాకా వేడిగా ఉండి, గిన్నెలో తీసిపెట్టింది ఇట్టే చల్లారిపోవడానికి కారణం ఇదే. గుండిగకు అది మేలు. రియాక్టర్‌కు అదే గండం. పైగా వేడి పెరిగేకొద్దీ రియాక్షన్ వేగం ఎగబాకుతుంది, చాలావాటికి పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు. చల్లబరిచే శక్తికి ఆ దూకుడు లేదు.

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న కంపెనీ ఉండేది. పెట్రోలులో కలిపే మాంగనీస్ రసాయనం తయారుచేసేవారు. ప్రయోగాలు చేసింది ఒక లీటరు రియాక్టర్‌లో, ఉత్పత్తి మొదలుపెట్టింది 2,450 గ్యాలన్ల పాత్రలో. అంటే 9,270 లీటర్లకు పైనే. రెండు పాత్రల ఆకారం ఒకటే అనుకుంటే, ఒక్కో లీటరు సరుకుకు దక్కే గోడ 21వ వంతుకు పడిపోయిందన్నమాట. మొదటి పది బ్యాచ్‌లలో మూడుసార్లు వేడి ఊహించని విధంగా ఎగిసింది. వాళ్లు పని పద్ధతిని కాస్త మార్చుకుని ముందుకే పోయారు. ఆ తర్వాత 42వ బ్యాచ్ నుంచి సరుకును మూడో వంతు పెంచారు కూడా.

2007 డిసెంబర్ 19న నడిచింది 175వ బ్యాచ్. జాకెట్‌లోకి నీళ్లు ఊరి కుళాయి లైను నుంచే వచ్చేవి, ఇంకో ఏర్పాటు లేదు. ఆ రోజు కూలింగ్ అందలేదు. వేడి 199 డిగ్రీలు దాటేసరికి లోపలి సోడియం లోహం సాల్వెంట్‌తోనే కలబడింది. లీటరు ప్రయోగాల్లో ఆ రెండో రియాక్షన్ ఎవరి దృష్టికీ రాలేదు. పేలుడుకు యజమానుల్లో ఒకరితో సహా నలుగురు చనిపోయారు. గాయపడిన 32 మందిలో 28 మంది చుట్టుపక్కల వ్యాపారాల్లో పనిచేసుకుంటున్నవాళ్లు. దర్యాప్తు చేసిన అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు మరో విషయం బయటపెట్టింది. ఒత్తిడి హద్దు దాటితే చిరిగి దారి ఇవ్వాల్సిన రప్చర్ డిస్క్‌ను 400 పీఎస్ఐకి, అంటే దాదాపు 28 బార్లకు పెట్టారు. అంతదాకా వచ్చాక ఒత్తిడి పెరిగే వేగాన్ని ఏ రంధ్రమూ తట్టుకోలేదు. 75 పీఎస్ఐకే పెట్టి ఉంటే పాత్ర నిలిచి ఉండే అవకాశముందని పరీక్షల్లో తేలింది. ఆ నలుగురినీ తలుచుకున్నప్పుడు ఈ ఒక్క అంకె మనసును మెలిపెడుతుంది.

అందుకే బుద్ధిగా నడిచే కంపెనీలు పాత్ర కొనేముందు కెలోరీమీటర్‌లో రియాక్షన్ వేడిని కొలుస్తాయి. ఆ అంకె చేతికొచ్చాక దారులు చాలానే ఉన్నాయి. సరుకంతా ఒకేసారి పోయకుండా, గోడ లాగేయగలిగినంత వేడే పుట్టేలా ఒక రసాయనాన్ని గంటల తరబడి సన్నని ధారగా వదలడం వాటిలో ముఖ్యమైనది. లోపల కాయిల్ పెట్టడం, ఒక పెద్ద పాత్ర బదులు రెండు చిన్నవి వాడడం మిగతావి. మన దగ్గర ఎక్కువగా కనిపించే గ్లాస్ లైన్డ్ రియాక్టర్లతో ఒక ఇబ్బంది ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తట్టుకునే ఆ గాజు పూతే వేడిని బయటికి పోనీయకుండా అడ్డుపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రకు వేసిన లెక్క దీనికి పనికిరాదు.

ఇదంతా రియాక్టర్ల గొడవ, కదలకుండా సరుకు దాచే ట్యాంకుకు ఏం భయం అనిపించవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. స్టైరీన్ నిలవలోనే తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడిని పుట్టిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చినదాని ప్రకారం, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున మాత్రమే. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది, మధ్యలో పైన ఏం జరుగుతోందో కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు తెలిసే దారే లేదు.

డ్రాయింగ్ దశలో వేర్వేరు ఎత్తుల్లో ఉష్ణోగ్రత కొలిచే థర్మోవెల్స్‌కు నాజిల్స్, అంటే గోడలో గొట్టపు దారులు, గీసుకోవడానికి అయ్యే ఖర్చు, పాత్ర మొత్తం ధరతో పోలిస్తే చాలా తక్కువ. తయారైన ప్రెజర్ వెసల్‌కు తర్వాత రంధ్రం పెట్టాలంటే ప్లేటు కోయాలి, చుట్టూ బలం కోసం ప్యాడ్ వెల్డ్ చేయాలి, మళ్లీ నీళ్లు నింపి డిజైన్ ఒత్తిడికన్నా ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి, లైసెన్సు ఉన్నచోట అనుమతి తెచ్చుకోవాలి. అంతసేపు ప్లాంటు ఆపడానికి యాజమాన్యాలు ఒక పట్టాన ఒప్పుకోవు. కాబట్టి ఎన్ని నాజిల్స్, ఏ ఎత్తులో అన్న ప్రశ్న ఆర్డరు ఫ్యాబ్రికేషన్ షాపుకు చేరకముందే, కెలోరీమీటర్ అంకెలు ఎదురుగా పెట్టుకుని తేల్చుకోవాల్సి ఉంటుంది.