నెమ్మది కారు కూడా గెలిచే పందెం

అమెరికాలో డ్రాగ్ రేసింగ్ అని కార్ల పందెం ఉంది. రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు పోవాలి. రోజూ తిరిగే సొంత కారుతో మామూలు మనుషులూ పాల్గొనవచ్చు. కానీ వీధిలో కాదు, ట్రాక్ మీదే.

అందులో ఒక రూలు నాకు బాగా నచ్చింది. తన కారు ఎన్ని సెకన్లలో చేరుతుందో డ్రైవరే ముందుగా అద్దం మీద రాయాలి. ఒకరు 15, ఇంకొకరు 13 అని రాస్తే, 15 వాళ్లని 2 సెకన్లు ముందు వదులుతారు. మరి కావాలని ఎక్కువ రాస్తే? రాసినదానికంటే తొందరగా చేరితే ఓడినట్టే! ఇద్దరూ అలాగే చేస్తే, తేడా తక్కువున్నవాళ్లు గెలుస్తారు. పచ్చలైటు రాకముందే కదిలినా ఓటమే.

పెద్ద పోటీల్లో గెలిస్తే 'వాలీ' అనే బొమ్మ ఇస్తారు. 1951లో ఎన్.హెచ్.ఆర్.ఎ. సంస్థ పెట్టిన వాలీ పార్క్స్ పేరది.

మన ఆటలరోజు ఆరో తరగతి చిన్నది, పదో తరగతి అక్క ఒకే గీత దగ్గర నిలబడతారు. ఈసారి ఇలా పెట్టి చూద్దామా మేడం? స్టాప్‌వాచ్ ఎలాగూ మీ దగ్గరుంది.