వ్యసన విముక్తికి మెదడు ప్రేరణ చికిత్స: ఆశ ఎంత, హద్దు ఎంత?

మాదకద్రవ్యాల వ్యసనం కేవలం మనోనిబ్బరం లేనివారి దుర్గుణం కాదు. అది చికిత్స అవసరమైన వ్యాధి. మత్తుకు అలవాటుపడిన మెదడులో కోరిక బలపడి, దానిని అదుపు చేసే నుదుటి భాగం పట్టు సడలుతుంది. శస్త్రచికిత్స లేకుండా ఆ పట్టును తిరిగి పెంచే ప్రయత్నమే మెదడు ప్రేరణ చికిత్స.

ఇందులో ముఖ్యమైన పద్ధతులు రెండు. మొదటిది అయస్కాంత ప్రేరణ. దీనిని 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం ప్రదర్శించింది. తలకు ఆనించిన తీగచుట్ట నుండి వెలువడే అయస్కాంత తరంగాలు పుర్రెను దాటి మెదడు కణాలను ఉత్తేజపరుస్తాయి. రెండవ పద్ధతిలో తలపై తడి స్పాంజి పలకలు అమర్చి, సాధారణంగా 1 నుండి 2 మిల్లీ ఆంపియర్ల స్వల్ప విద్యుత్తును పంపుతారు. ఇవి 'షాక్ ట్రీట్‌మెంట్' కావు. మత్తుమందు అవసరం లేదు. రోగి మెలకువతోనే కూర్చుంటాడు. కొందరికి తలనొప్పి కలుగవచ్చు. అరుదుగా మూర్ఛ రావచ్చు. అందువలన మూర్ఛవ్యాధి ఉన్నా, తలలో లోహపు ముక్కలు, చెవిలో అమర్చిన వినికిడి పరికరం, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా వైద్యునికి ముందే తెలపాలి.

ఫలితాల విషయానికి వస్తే, పొగతాగే అలవాటు మాన్పించడానికి ఒక అయస్కాంత పరికరాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతించింది. అందుకు ఆధారమైన పరిశోధనలో 262 మంది పాల్గొన్నారు. అసలు చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 19 మంది, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో సుమారు 9 మంది వరుసగా నాలుగు వారాలు పొగ మానగలిగారు. ప్రయోజనం రెట్టింపు, అయినా అత్యధికులు మానలేకపోయారన్నదీ నిజమే. మద్యం, కొకైన్, హెరాయిన్ వ్యసనాలకు ఈ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. హెరాయిన్ వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులే నేటికీ ప్రధాన ఆధారం. దీర్ఘకాలంగా అధికంగా తాగేవారు వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మద్యం మానితే ప్రాణాపాయం కలుగవచ్చు.

కాబట్టి 'కొద్ది రోజులలో పూర్తి విముక్తి, గ్యారంటీ' అనే ప్రకటన చూసి అప్పుచేసి డబ్బు కట్టడం తగదు. చికిత్స చేసేది అర్హత గల మానసిక వైద్యుడేనా, మందులు, కౌన్సెలింగ్ కూడా కొనసాగుతాయా అని కుటుంబ సభ్యులు ముందుగా అడిగి తెలుసుకోవాలి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. మాదకద్రవ్య విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416 ఉచిత నంబర్లు. టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.