జుట్టు నాటే ఆపరేషన్ తరువాత ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

బట్టతలకు చేసే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, అంటే జుట్టు నాటే ఆపరేషన్, ఒకప్పుడు సినిమా వాళ్ళకే అనుకునేవారు. ఇప్పుడు మన కోటవురట్ల, నర్సీపట్నం ప్రాంతాల కుర్రవాళ్ళు కూడా విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళి చేయించుకుని, ఆ సాయంత్రమో మరునాడో ఇంటికి వచ్చేస్తున్నారు. ఆపరేషన్ ఒక్క రోజులో అయిపోతుంది. ఆ తరువాతి సంరక్షణ అంతా ఇంట్లోనే జరగాలి. రోగి తన తల వెనుక భాగాన్ని తాను చూసుకోలేడు. జ్వరం మొదలైనా "ఏమీ లేదులే" అని పడుకుంటాడు. అందువల్ల ఈ విషయాలు రోగి కంటే ముందు ఇంటివాళ్ళైన మీరు తెలుసుకోవాలి.

చాలామంది సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండానే చేయించుకుంటారు. మీకు తెలిసినప్పుడు దయచేసి కోప్పడకండి, ఎగతాళి చేయకండి. అలా చేస్తే ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు కూడా దాచిపెడతాడు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

మగవారిలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో ముందు భాగం, నడినెత్తి పలుచబడతాయి. తల వెనుక, చెవుల పైన ఉన్న జుట్టు మాత్రం సాధారణంగా నిలిచి ఉంటుంది. ఆ వెనుక జుట్టును కుదుళ్ళతో సహా తీసి ముందు భాగంలో నాటుతారు. ఒక్కొక్క కుదురులో 1 నుండి 4 వెంట్రుకలు ఉంటాయి. తల మొద్దుబారడానికి ఇంజక్షన్లు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే చేస్తారు. కుదుళ్ళ సంఖ్యను బట్టి 6 నుండి 8 గంటలు పట్టవచ్చు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఎఫ్.యు.టి. పద్ధతిలో తల వెనుక నుండి చర్మాన్ని సన్నని పట్టీగా తీసి కుట్లు వేస్తారు. ఎఫ్.యు.ఇ. పద్ధతిలో సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు గల పరికరంతో కుదుళ్ళను ఒక్కొక్కటిగా తీస్తారు. ఇందులో కుట్లు ఉండవు, చిన్న చిన్న చుక్కల్లాంటి గాయాలు ఉంటాయి. మీ ఇంటి మనిషికి ఏ పద్ధతిలో చేశారో డిశ్చార్జి కాగితం చూసి తెలుసుకోండి.

మొదటి పది రోజులు ఎందుకు ముఖ్యం?

వరి నారు తీసి మడిలో నాటిన సంగతి మీకు తెలిసిందే. నాటిన వెంటనే లాగితే మొక్క చేతికి వచ్చేస్తుంది. నాలుగు రోజులు పోయి వేరు పట్టిన తరువాత రాదు. జుట్టు కుదురు కూడా అంతే. నాటిన మొదటి రెండు మూడు రోజులు అది చుట్టూ ఉన్న చెమ్మను పీల్చుకుని బ్రతుకుతుంది. తరువాత సన్నని రక్తనాళాలు దానికి చేరతాయి. పదవ రోజుకు గట్టిగా పట్టుకుంటుంది. ఈలోగా గోకినా, తువ్వాలుతో రుద్దినా, తలుపు చట్రానికి తల తగిలినా కుదురు ఊడిపోవచ్చు. అలా ఊడినది మళ్ళీ రాదు.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

1. పడక: మొదటి వారం రెండు మూడు దిండ్లు వేసి, తల ఎత్తుగా ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టండి. నాటిన భాగం దిండుకు తగలకూడదు. దిండు గలేబు రోజూ మార్చండి.

2. బట్టలు: తల మీదుగా తొడిగే బనియన్లు, టీషర్టులు వద్దు. ముందు గుండీలు ఉన్న చొక్కాలే వేయండి.

3. తడపడం: మొదటి రెండు మూడు రోజులు సెలైన్ నీటిని స్ప్రే సీసాతో చల్లమని చెబుతారు. డాక్టరు చెప్పిన సమయం ప్రకారం చల్లండి. చేతితో తాకవద్దు.

4. తలస్నానం: డాక్టరు చెప్పిన రోజు నుండే మొదలుపెట్టాలి. ఎక్కువగా రెండవ, మూడవ రోజున మొదలవుతుంది. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీటిలో మృదువైన షాంపూ కలిపి, మగ్గుతో నెమ్మదిగా పోయండి. కుళాయి ధార నేరుగా పడకూడదు. తువ్వాలుతో రుద్దకుండా గాలికి ఆరనివ్వండి.

5. పొక్కులు: నాటిన చోట చిన్న పొక్కులు కడతాయి. వాటిని గిల్లకూడదు. సుమారు వారం తరువాత, డాక్టరు అనుమతితో, స్నానం చేయించేటప్పుడు వేలి కొసలతో మెల్లగా రుద్దితే 10 నుండి 14 రోజుల్లో రాలిపోతాయి.

6. కుట్లు: ఉంటే, సాధారణంగా 10 నుండి 14 రోజులకు తీస్తారు. ఆ తేదీ మరచిపోకండి.

7. మందులు: యాంటిబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడించండి. నొప్పికి మందుల షాపులో అడిగి ఏదో ఒక బిళ్ళ తెచ్చి వేయకండి. ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. షుగరు, బి.పి. ఉన్నవారికి వాటి మందులు ఆపకూడదు. షుగరు అదుపులో లేకపోతే గాయం మానదు. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందు వాడేవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి.

8. చుట్ట, బీడీ, సిగరెట్, మద్యం: పొగ రక్తనాళాలను కుదించి కుదుళ్ళకు రక్తం అందకుండా చేస్తుంది. ఆపరేషన్‌కు ముందు నుండే మాన్పించండి.

చుట్టుపక్కల వాళ్ళు ప్రేమతోనే ఎన్నో చెబుతారు. పసుపు, కొబ్బరినూనె, ఆముదం, ఉల్లిరసం, గుంటగలగరాకు పసరు, ఇవేవీ పచ్చి గాయం మీద పెట్టకూడదు. కుంకుడు రసం కూడా మంట పుట్టిస్తుంది. నూనె ఎప్పుడు రాయవచ్చో డాక్టరును అడిగే రాయండి.

ఏది మామూలు? ఏది ప్రమాదం?

రెండవ రోజు నుండి అయిదవ రోజు లోపు నుదురు, కళ్ళ చుట్టూ వాపు రావచ్చు. తలలోకి ఎక్కించిన మత్తుమందు నీరు కిందికి దిగడం దీనికి ముఖ్య కారణం. ఎక్కువమందిలో వారం లోపు తగ్గుతుంది. డాక్టరు చెబితే నుదుటి మీద మాత్రమే, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. నాటిన చోట పెట్టకూడదు. కొద్దిపాటి నొప్పి, దురద, తల వెనుక తిమ్మిరి కూడా మామూలే. తిమ్మిరి కొన్ని నెలలు ఉండవచ్చు. తల వెనుక నుండి కొంచెం రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డతో పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగవద్దు:

• 101 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు
• మూడు రోజుల తరువాత తగ్గవలసిన నొప్పి, ఎరుపు, వాపు ఇంకా పెరగడం
• చీము, దుర్వాసన, చర్మం నల్లబడడం
• నొక్కి పట్టినా ఆగని రక్తం
• కన్ను నొప్పి, చూపు తగ్గడం
• ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి
• మత్తుగా ఉండడం, పొంతన లేకుండా మాట్లాడడం, మూత్రం బాగా తగ్గిపోవడం

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే మనిషి గంటల్లోనే దిగజారిపోతాడు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేయండి. అక్కడ ఎవరూ ఎత్తకపోతే వారి కోసం ఎదురుచూడవద్దు. మన ఊరి నుండి విశాఖపట్నం గంటల ప్రయాణం. 108కి ఫోను చేసి దగ్గరలోని ఆసుపత్రికి, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికైనా సరే, తీసుకువెళ్ళండి. ఏ ఆపరేషన్ జరిగిందో సిగ్గుపడకుండా చెప్పి, కాగితాలు, మందులు చూపించండి.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. ఎక్కువమంది క్షేమంగానే కోలుకుంటారు. కానీ ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఆపరేషన్ రోజునే అస్వస్థుడై, తరువాత మరణించాడు. ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరులో 2024 నవంబరులో ఒక ఇంజనీరు, 2025 మార్చిలో మరొక ఇంజనీరు ఈ ఆపరేషన్ తరువాత ముఖం వాచి మరణించారని వార్తలు వచ్చాయి. వాపు మామూలే అని వదిలేయకుండా, దానితో పాటు జ్వరం, ఆయాసం, పెరిగే నొప్పి ఉన్నాయేమో చూడవలసింది మీరే.

నాటిన జుట్టు రాలిపోతే?

రెండవ వారం నుండి రెండవ నెల లోపు నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. ఇది చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. రాలేది పైనున్న వెంట్రుకే, కుదురు చర్మం లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకు కొత్త వెంట్రుక సన్నగా మొలుస్తుంది. ఆరు నెలలకు కొంత తేడా కనిపిస్తుంది. పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది, నడినెత్తిన ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ మధ్యలో చిన్న మొటిమల్లాంటివి వస్తే గిల్లకుండా, ఎక్కువైతే డాక్టరుకు చూపించండి.

రెండవ నెలలో అద్దం చూసుకుని కుర్రవాడు కుంగిపోతాడు. అప్పు చేసి చేయించుకున్నవాడైతే మరీ. "డబ్బంతా బూడిదలో పోశావు" అని ఆ సమయంలో అనకండి. ఇది అందరికీ జరిగేదేనని ధైర్యం చెప్పండి.

ఉన్న జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ అనే బిళ్ళలు కొందరికి రాస్తారు. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన, పొడి అయిన బిళ్ళలను ఆమె తాకకూడదు. కడుపులోని మగబిడ్డకు హాని కలగవచ్చు.

పనులు, ప్రయాణాలు, మొక్కులు

ఇంటికి వచ్చేటప్పుడు బస్సు సీటుకు తల ఆనించకుండా చూడండి. పది పన్నెండు రోజులు హెల్మెట్ తల మీద ఒత్తకూడదు. హెల్మెట్ లేకుండా బండి నడపమని దీని అర్థం కాదు, అన్ని రోజులూ బండి నడపవద్దని అర్థం. చెరకు కోత, గడ్డిమోపులు, నెత్తిన బరువులు కనీసం నెల రోజులు వద్దు. కుట్లు పడినవారు వంగి బరువులెత్తకూడదు. వరాహ నదిలో గాని, చెరువులో గాని నెల రోజులు మునగకూడదు. ఎండలోకి వెళ్ళవలసి వస్తే గొడుగు పట్టండి. తలగుడ్డ బిగించి కట్టవద్దు.

తిరుపతిలోనో సింహాచలంలోనో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంటే తొందరపడవద్దు. కుదుళ్ళు బాగా పట్టిన తరువాత గుండు చేయించినా జుట్టు మళ్ళీ వస్తుంది. ఎన్ని నెలలు ఆగాలో డాక్టరును అడిగి తేదీ పెట్టుకోండి.

ఇంకా చేయించుకోనివారికి ఒక మాట

చవకగా వస్తుందని ఎవరి చేతిలో పడితే వారి చేతిలో తల పెట్టకండి. యూట్యూబులో చూసినంత మాత్రాన, వర్క్‌షాపుల్లో కూర్చున్నంత మాత్రాన ఈ ఆపరేషన్ చేసే శిక్షణ వచ్చినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది. చేసేది డాక్టరేనా, ఏ చదువు చదివారు, అత్యవసర పరికరాలు ఉన్నాయా, రాత్రి ఫోను చేస్తే ఎవరు పలుకుతారు, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట చేయించుకోవద్దు. వెళ్ళేటప్పుడు తోడుగా ఒకరు వెళ్ళండి.

జుట్టు లేకపోయినా మనిషి మన మనిషే. జుట్టు నాటించుకున్నాక ఆ పది రోజులూ ఉదయం, సాయంత్రం వెలుతురులో అతని తల చూడండి, జ్వరం చూడండి, ఎలా ఉందని అడగండి. ఇంటివాళ్ళు చేయగలిగిన వైద్యం ఇదే.