జామకాయల కోసం వల కట్టా, ఉడుత చిక్కుకుంది!

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పు గురించి.

మా డాబా మీద డ్రమ్ములో జామచెట్టు ఉంది. అమ్మ మూడేళ్లు పెంచితే, పోయినేడు మొదటిసారి గట్టిగా కాసింది. కానీ కాయలు పచ్చిగా ఉండగానే ఏవో సగం కొరికి కింద పడేస్తున్నాయి. నేనేం చేశా? సన్నటి నైలాన్ వల తెప్పించి చెట్టు మీద అలా కప్పేశా. ఐదు నిమిషాల పని.

నాలుగో రోజు పొద్దున అమ్మ కేక. వెళ్లి చూస్తే వలలో ఒక ఉడుత. ఎంత గింజుకుంటే దారం అంత బిగుస్తోంది. గ్లవుజులు వేసుకుని, టవల్ కప్పి, ఒక్కో దారం కత్తెరతో కత్తిరించాం. బతికింది కానీ కాలు ఈడ్చుకుంటూ పోయింది. "కాయలు పోతే పోయాయిరా, మనకీ పాపం ఎందుకు?" అంది అమ్మ.

అసలు ప్రాబ్లమ్ ఎక్కడంటే, దారం సన్నం, కన్నాలు పెద్దవి, పైగా వల వదులు. అలాంటి వల కాయలకి కాపలా కాదు, ఉచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబర్ నుంచి దీనికి రూలే ఉంది. ఇంటి పండ్ల చెట్లకి కట్టే వల సాగదీసినా కన్నం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. స్కేలు అక్కర్లేదు, మీ వేలు కన్నంలో దూరితే ఆ వల వద్దు.

మరి ఏం చేయాలి?

ముందు దొంగ ఎవరో కనుక్కోండి. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు లాగ్స్ చూస్తాం కదా, అలాగే. పాత ఫోన్‌లో టైమ్‌లాప్స్ పెట్టి చెట్టు వైపు తిప్పండి. పగలు పోతుంటే చిలకలో ఉడుతలో, రాత్రి పోతుంటే ఎలుకలో గబ్బిలాలో అయ్యుంటాయి.

తర్వాత, చెట్టుని కాదు, కాయని కప్పండి. జామ గోళీకాయంత సైజులో ఉన్నప్పుడే పల్చటి గుడ్డ సంచి కట్టేయండి. పండు ఈగ గుడ్లు పెట్టడం కూడా తగ్గుతుంది. ఉడుతలు గుడ్డని కొరికేస్తే, సన్న కన్నాల ఇనుప జాలీని సంచిలా చుట్టండి.

బీర, సొర పాదుల్ని మాత్రం మొత్తం కప్పొద్దు. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి చేర్చేది పురుగులే. వాటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పుడు దారి మూస్తే కాయే కట్టదు. పిందె నిలబడ్డాక కవర్ చేస్తే చాలు.

మెరిసే సీడీలు కడితే? కొన్నాళ్లు భయపడతాయి. తర్వాత మనం నోటిఫికేషన్లని పట్టించుకోనట్టే అవీ పట్టించుకోవు. కోతులున్న చోట ఇవేవీ ఆగవు, గట్టి ఇనుప జాలీతో గదిలా కట్టుకోవాల్సిందే.

ఈ ఏడాది మేం కాయకో సంచి కట్టాం. రెండు ఆదివారాలు పట్టింది. పై కొమ్మలు అందక వదిలేశాం, అవి ఉడుతలు తినేశాయి. సంచిలో ఉన్నవాటిలో చాలావరకు పండి మా చేతికొచ్చాయి.

మీ ఇంట్లో ఆల్రెడీ వల ఉంటే, ఈ రోజే డాబా ఎక్కి ఒకసారి వేలు పెట్టి చూడండి. దూరితే తీసేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!