తాళం పడని ప్రయోగశాల

మీ బడిలో ప్రయోగశాల ఉందా? ఉంటే దాని తలుపులు వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు?

చాలామంది పిల్లలకు ప్రయోగం అంటే రికార్డు పుస్తకమే. పై తరగతి అన్నదో అక్కదో పాత రికార్డు తెచ్చుకుని, అందులోని అంకెల్నే ఎక్కించి, చివర 'ఫలితం: నిరూపించడమైనది' అని రాసేస్తారు. మాస్టారి సంతకం పడుతుంది. మార్కులూ పడతాయి. ప్రయోగం ఒక్కటే జరగదు!

తప్పంతా పిల్లలదే అనలేం. తరగతి మొత్తానికి ఒకే ఓల్ట్‌మీటరు ఉంటే ఎవరి వంతు ఎప్పుడు వస్తుంది? వచ్చినా ఒక్కసారి చేసేసరికే గంట కొడతారు. పొరపాటు చేసి, మళ్లీ చేసి, 'ఇలా మారిస్తే ఏమవుతుంది?' అని చూసే తీరిక ఎక్కడిది? కానీ నేర్చుకోవడమంతా ఆ 'మళ్లీ'లోనే ఉంది.

ఈ చిక్కుకు ఒక విరుగుడు మన హైదరాబాదులోనే తయారైంది. అదేమిటో చూద్దాం.

గచ్చిబౌలిలో తయారైన ప్రయోగాలు

హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలు గుర్తొస్తాయి. వాటిలో మొదటిదైన సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అదే సంవత్సరం, అక్కడికి కొద్ది దూరంలోని గచ్చిబౌలిలో ఒక విద్యాసంస్థ పుట్టింది. దాన్ని అందరూ ట్రిపుల్ ఐటీ అంటారు.

2009లో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ల ద్వారా చదువును దేశమంతటికీ అందించాలని ఒక జాతీయ కార్యక్రమం చేపట్టింది. అందులో భాగమే 'వర్చువల్ ల్యాబ్స్'. అంటే, తెర మీద పనిచేసే ప్రయోగశాలలు. ఢిల్లీ, బొంబాయి, ఖరగ్‌పూర్ వంటి ఐ.ఐ.టి.లతోపాటు మన ట్రిపుల్ ఐటీ కూడా వీటిని తయారు చేసింది. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎవరైనా ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. రుసుము లేదు.

ఈ ప్రయోగాలు రెండు రకాలు. మొదటి రకంలో పరికరం ఉండదు. అది నడిచే సూత్రాన్ని కంప్యూటరుకు లెక్కగా నేర్పుతారు. మీరు ఒక అంకె మారిస్తే, కంప్యూటరు లెక్క కట్టి ఫలితాన్ని బొమ్మగా చూపుతుంది. రెండవ రకంలో నిజమైన పరికరమే ఎక్కడో దూరాన ఉంటుంది. మీరు ఇక్కడ మీట నొక్కితే అది అక్కడ కదులుతుంది.

ఇవి ముఖ్యంగా కాలేజీ విద్యార్థుల కోసం ఉద్దేశించినవి. వివరణలు ఇంగ్లీషులో ఉంటాయి. అయినా కొన్ని ప్రయోగాలు ఎనిమిదో తరగతి పిల్లలకూ అందుతాయి. అంకెలకు భాషతో పనేముంది? అలాంటిది ఒకటి మనమూ చేద్దాం. దానికి ఇప్పుడే కంప్యూటరు కూడా అక్కర్లేదు.

ఐదు చీటీల ఆట

ఐదు చీటీల మీద 7, 3, 9, 2, 5 అని రాసి వరుసగా పేర్చండి. వాటిని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు సర్దాలి. నియమం ఒకటే: పక్కపక్కనున్న రెండు చీటీలనే పోల్చాలి. ఎడమవైపుది పెద్దదైతే రెండింటి చోట్లూ మార్చాలి. లేకపోతే అలాగే వదిలి, తరువాతి జత చూడాలి.

మొదటి విడత పూర్తయ్యేసరికి వరుస 3, 7, 2, 5, 9 అవుతుంది. అన్నిటికన్నా పెద్దదైన 9 నీటిలో బుడగ పైకి తేలినట్టు చివరికి చేరింది, గమనించారా? అందుకే దీనిని 'బబుల్ సార్ట్' అంటారు. 9 తన చోటికి చేరింది కాబట్టి ఇక దాన్ని పోల్చనక్కర్లేదు. మొదటి విడతలో 4 పోలికలు, తరువాత 3, 2, 1. మొత్తం 10.

ఇప్పుడు ఒక ప్రశ్న. చీటీలు ఐదుకు బదులు పది ఉంటే పోలికలు ఎన్ని? జవాబు కిందికి చూడకుండా ముందు ఒక కాగితం మీద మీ అంచనా రాయండి.

ఇరవై అని రాశారా? చీటీలు రెట్టింపైతే పోలికలూ రెట్టింపవుతాయని ఎవరికైనా తోస్తుంది. కానీ 9 నుంచి 1 దాకా కూడి చూడండి. 45 వస్తుంది! ఇరవై చీటీలకైతే 190. వెయ్యి చీటీలకు 4,99,500. పోలికకు ఒక సెకను చొప్పున, తిండీ నిద్రా మానేసి కూర్చున్నా ఐదున్నర రోజులు దాటుతుంది.

మరి లక్షలమంది విద్యార్థుల మార్కుల్ని కంప్యూటరు ఎలా సర్దుతుంది? వేరే పద్ధతులున్నాయి. చీటీలను చిన్న చిన్న కట్టలుగా విడదీసి, ఒక్కొక్క కట్టనూ సర్ది, సర్దిన కట్టల్ని జతలుగా కలుపుకుంటూ వచ్చేది 'మెర్జ్ సార్ట్'. దీనిలో వెయ్యి చీటీలకు 9 వేల పోలికలు కూడా పట్టవు. మన సెకను లెక్కన రెండున్నర గంటల పని! ఈ రెండు పద్ధతులూ ట్రిపుల్ ఐటీ వారి ప్రయోగశాలలో ఉన్నాయి.

చూస్తే వచ్చేస్తుందా?

ఆ ప్రయోగంలో ఒక విశేషం ఉంది. మొదలుపెట్టేముందే మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. తరువాత ఎలా చేయాలో చూపుతారు. అటుపైన మీ చేత చేయిస్తారు. చివర మళ్లీ ప్రశ్నలు. ఇన్ని ప్రశ్నలు ఎందుకు?

దీనికి జవాబు అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే ఉంది. మరో జట్టు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తరువాత అడిగితే చదివినవారు నూటికి 83 వంతులు చెప్పగలిగారు, రాసినవారు 71 వంతులే. వారం తరువాత? చదివినవారికి మిగిలింది 40 వంతులు. రాసినవారికి 61!

ఫోనులో పాఠాలు చూసే పిల్లలు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. అది ఐదు నిమిషాల తెలివి. వీడియో ఆపి, ఫోను బోర్లా పెట్టి, విన్నది మీ మాటల్లో రాయండి. రాయలేకపోయిన చోటే మీరు నేర్చుకోవలసింది ఉంది. ఆ చోటు తెలిశాక మాస్టారిని అడగండి. 'నాకేమీ అర్థం కాలేదు' అనేకన్నా 'ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను' అంటే ఆయన చప్పున దారి చూపగలరు.

ఇంకో మాట. తెర మీది ప్రయోగశాలకు తనకు నేర్పిన సూత్రమే తెలుసు. అక్కడ తీగ వదులు కాదు, గాజు పగలదు, పొగ రాదు. ప్రకృతి మాత్రం అలా మాట వినదు. అందుకే తెర మీద చేసినదాన్ని వీలైనప్పుడల్లా చేతులతోనూ చేసి చూడాలి. మీ బడి ప్రయోగశాల తాళం తీయించమని అడగడం మానకండి.

ఇక మీ వంతు. ఐదు చీటీల ఆటలో పోలికలు 10, కానీ చోట్లు మారింది 6 సార్లే. చీటీల్ని మరో వరుసలో పేర్చి మొదలుపెడితే ఆ 6 మారిపోతుంది. ఒక్క చీటీనీ కదపకుండా, వరుసను చూసి, ఎన్నిసార్లు చోట్లు మార్చాలో ముందే చెప్పే కిటుకు ఒకటి ఉంది. అదేమిటి? జవాబు మేము చెప్పం. చీటీలు మీ దగ్గరే ఉన్నాయి.